చెరువుకు సున్నం.. చేపకు ప్రాణం

* నీటి పీహెచ్, కాల్షియంపై కొరవడిన అవగాహన
* పరీక్షించకుండా చల్లితే మేలుకు బదులు కీడు
* గాజుతొట్టిలోని పగడానికైనా, ఊరి చెరువులోని బొచ్చెకైనా సూత్రం ఒక్కటే

ఆదిలాబాద్: చెరువు నిండా నీరుంటుంది. వదిలిన చేపపిల్లలు ఏపుగా ఎదుగుతుంటాయి. మృగశిర కార్తె నాటికి నాలుగు రాళ్లు చేతికందుతాయని మత్స్యకారులు లెక్కలు వేసుకుంటారు. అంతలోనే ఒక తెల్లవారుజామున చేపలు మూతులు పైకెత్తి, గాలి కోసం తహతహలాడుతూ నీటిపై తేలియాడతాయి. పొద్దెక్కేసరికి తెల్లటి పొట్టలతో ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ఏడాది శ్రమ ఒక్క రాత్రిలో నీటిపాలవుతుంది. వేసవిలోనూ, ముసురు పట్టిన రోజుల్లోనూ ఎక్కడో ఒకచోట కనిపించే దృశ్యమే ఇది. ఇలాంటప్పుడు ఎవరో గిట్టనివారు విషం కలిపారన్న అనుమానం సహజంగానే తలెత్తుతుంది. ఊరిలో తగాదాలు మొదలై ఠాణా మెట్లెక్కే వరకూ వెళుతుంది. నిజానికి చాలా సందర్భాల్లో దోషి మనిషి కాదు, నీరే.

నీరు చూడటానికి తేటగా ఉన్నంత మాత్రాన చేపకు అనుకూలంగా ఉన్నట్లు కాదు. అందులోని ఆమ్ల, క్షార గుణాల సమతూకం, కరిగి ఉన్న కాల్షియం పాళ్లు చేప ఎదుగుదలను నిర్ణయిస్తాయి. ఈ రెండింటినీ చక్కదిద్దే సులభ సాధనం తరతరాలుగా తెలుగువారి ఇళ్లలో ఉన్న సున్నమే. తాంబూలంలోకి, గోడల వెల్లకు వాడే సున్నం చెరువులోకీ అవసరమని చెబితే కొందరు ఆశ్చర్యపోతారు. మరికొందరు పొరుగు ఊరివారు చల్లారని తామూ గుడ్డిగా చల్లుతారు. ఈ రెండు ధోరణులూ నష్టదాయకమే.

పీహెచ్ అంటే..

నీటిలోని ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే కొలమానమే ఉదజని సూచిక. వాడుకలో దీన్నే పీహెచ్ అంటారు. ఈ కొలబద్ద 0 నుంచి 14 వరకు ఉంటుంది. 7 దగ్గర నీరు తటస్థంగా ఉన్నట్లు లెక్క. అంతకు తగ్గితే ఆమ్ల గుణం, పెరిగితే క్షార గుణం. ఇందులో ఒక కిటుకు ఉంది. పీహెచ్ ఒక అంకె తగ్గిందంటే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్లు. రెండంకెలు తగ్గితే వంద రెట్లు. కాబట్టి 8 నుంచి 6కు దిగడమంటే చిన్న మార్పు కాదు.

బొచ్చె, రవ్వ, బంగారుతీగ వంటి చేపలు 6.5 నుంచి 9 వరకు తట్టుకోగలవు. అయితే 7.5 నుంచి 8.5 మధ్య ఉన్నప్పుడే చక్కగా మేత తిని బరువు పెరుగుతాయి. 6కు దిగువన ఎదుగుదల కుంటుపడుతుంది. 4కు తగ్గినా, 11కు పెరిగినా ప్రాణాపాయం తప్పదు.

పగలొక తీరు.. రాత్రొక తీరు

చెరువు నీటి పీహెచ్ రోజంతా ఒకేలా ఉండదు. నీటికి పచ్చదనాన్నిచ్చే సూక్ష్మ మొక్కలు పగటిపూట ఎండ సాయంతో బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని ప్రాణవాయువును విడుదల చేస్తాయి. బొగ్గుపులుసు వాయువు నీటిలో ఆమ్లంగా పనిచేస్తుంది కనుక అది తగ్గేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల ప్రాంతంలో ఇది గరిష్ఠ స్థాయికి చేరుతుంది. చీకటి పడ్డాక పరిస్థితి తారుమారవుతుంది. చేపలు, మొక్కలు, అడుగున కుళ్లుతున్న చెత్తలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి ప్రాణవాయువును వాడుకుని బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. ఫలితంగా సూర్యోదయానికి ముందు పీహెచ్, ప్రాణవాయువు రెండూ కనిష్ఠానికి పడిపోతాయి. వేకువ వేళ చేపలు పైకి తేలడానికి కారణం ఇదే.

నీటిలో సున్నపు పాళ్లు తగినంత ఉంటే ఈ హెచ్చుతగ్గులు అదుపులో ఉంటాయి. ఉదయం 7.5, సాయంత్రం 8.5 దాటకుండా నిలకడగా సాగుతుంది. సున్నపు పాళ్లు బాగా తక్కువగా ఉన్న పచ్చని చెరువులో మాత్రం ఉదయం 6.5 ఉన్న పీహెచ్ సాయంత్రానికి 9.5 దాటినా ఆశ్చర్యం లేదు. రోజూ ఇలా ఎగిరి దూకే నీటిలో చేప బతికినా బలం పుంజుకోదు. రోగాలకు సులభంగా లొంగిపోతుంది.

నీటికి గొడుగు క్షారత్వం

పీహెచ్‌ను ఇలా కుదురుగా నిలిపే శక్తినే క్షారత్వం అంటారు. నీటిలో కరిగి ఉన్న బైకార్బొనేట్, కార్బొనేట్ల మొత్తమిది. కాల్షియం, మెగ్నీషియంల మొత్తాన్ని కఠినత్వం అంటారు. బట్టలు ఉతికినప్పుడు సబ్బు నురగ రాని నీటిని ‘సవుడు నీరు’, ‘ఉప్పు నీరు’ అని ఇంట్లో అనుకోవడం మామూలే. ఆ కఠినత్వమే చేపకు కొంతమేర అవసరమన్నది చాలామందికి తెలియని విషయం.

ఈ రెండింటినీ లీటరు నీటికి ఇన్ని మిల్లీగ్రాములని లెక్కిస్తారు. క్షారత్వం 20 మిల్లీగ్రాములకు లోపు ఉన్న నీటికి సున్నం తప్పనిసరి. చేపల పెంపకానికి 50 నుంచి 150 మధ్య ఉంటే అనుకూలం. పీహెచ్ కొలిచి క్షారత్వాన్ని కొలవకపోవడం జ్వరం చూసి నాడి చూడకపోవడం లాంటిదే. పీహెచ్ ఆ క్షణపు స్థితిని మాత్రమే చెబుతుంది. రేపు ఏమవుతుందో చెప్పేది క్షారత్వం.

కాల్షియం చేసే మేలు

చేప తనకు కావలసిన కాల్షియాన్ని మేత నుంచే కాక మొప్పల ద్వారా నేరుగా నీటి నుంచీ గ్రహిస్తుంది. ఎముకలు, పొలుసుల తయారీకి, కండరాల కదలికకు, రక్తం గడ్డకట్టడానికి ఇది అవసరం. మొప్పల గోడలను బిగువుగా ఉంచి, ఒంటిలోని లవణాలు నీటిలోకి జారిపోకుండా కాపాడేదీ కాల్షియమే. కాల్షియం కరవైన నీటిలో చేప తన శక్తిని ఎదుగుదలకు కాక లవణాలను నిలుపుకోవడానికే ఖర్చు చేస్తుంది. పిల్ల చేపలపై ఈ ప్రభావం మరీ ఎక్కువ.

రొయ్య విషయంలో ఇది మరింత స్పష్టం. మంచినీటి రొయ్య పెరిగేకొద్దీ పాత డొల్లను విడిచి కొత్త డొల్లను తయారు చేసుకుంటుంది. విడిచిన కొద్ది గంటల పాటు దాని ఒళ్లు మెత్తగా ఉంటుంది. నీటిలో కాల్షియం తగినంత లేకపోతే డొల్ల గట్టిపడటం ఆలస్యమవుతుంది. ఈలోగా తోటి రొయ్యలే దాన్ని తినేస్తాయి. అలాగని కఠినత్వం మరీ మించినా రొయ్యకు మంచిది కాదు. డొల్లపై సున్నపు పొర పేరుకుపోయి ఎదుగుదల మందగిస్తుంది.

కాళ్ల కింద సున్నపురాయి

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా నేలలో సున్నపురాయికి కొదవ లేదు. ఆదిలాబాద్, మంచిర్యాల, దేవాపూర్‌లలో, పొరుగున బసంత్‌నగర్‌లో సిమెంటు కర్మాగారాలు వెలసింది ఆ నిక్షేపాల ఆధారంగానే. అయినా ప్రతి చెరువులోనూ సున్నపు పాళ్లు సమృద్ధిగా ఉంటాయనుకోవడం పొరపాటు. చెరువులోకి చేరేది వాన నీరు. వాన నీటిలో కాల్షియం దాదాపు ఉండదు. అది ఏ నేల మీదుగా పారి వస్తే ఆ నేల గుణాన్ని తెచ్చుకుంటుంది.

నల్లరేగడి నేలల మీదుగా వచ్చే నీటిలో సాధారణంగా క్షారత్వం ఎక్కువగా ఉంటుంది. ఇలాంటి కుంటలో అవసరం లేకున్నా సున్నం చల్లితే పీహెచ్ మరింత పెరిగి చేపలకు ముప్పు వాటిల్లుతుంది. ఎర్ర చల్కా, దుబ్బ నేలల్లోనూ, రాలిన ఆకులు కుళ్లి నీటిలో కలిసే అటవీ ప్రాంతపు కుంటల్లోనూ క్షారత్వం తక్కువగా ఉండే అవకాశముంది. సున్నం మేలు చేసేది ఇక్కడే. ఒకే మండలంలో పక్కపక్క ఊళ్ల చెరువులకే వేర్వేరు వైద్యం అవసరమవుతుందన్న మాట. పరీక్ష లేనిదే మందు లేదని చెప్పడం ఇందుకే.

అమ్మోనియా పొంచి ఉంది

పీహెచ్ మితిమీరి పెరిగితే వచ్చే అసలు ప్రమాదం అమ్మోనియా. చేపల విసర్జకాలు, మిగిలిపోయిన మేత, పేడ కుళ్లినప్పుడు అమ్మోనియా తయారవుతుంది. నీటిలో ఇది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంతగా హాని చేయనిది, రెండోది విషపూరితమైనది. 30 డిగ్రీల వేడి గల నీటిలో పీహెచ్ 7 ఉంటే విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. 8కి చేరితే నూటికి సుమారు ఏడు వంతులవుతుంది. 9కి పెరిగితే సగానికి చేరువవుతుంది. అదే చెరువు, అంతే అమ్మోనియా, పీహెచ్ మారడంతో విషమవుతుంది. మండు వేసవిలో నీరు తగ్గి, పచ్చగా మారిన కుంటల్లో మధ్యాహ్నం వేళ చేపలు చనిపోతే అనుమానించాల్సింది దీన్నే.

విషమా.. ఊపిరి ఆడకనా?

మరణాలు సంభవించిన వేళను, తీరును గమనిస్తే కారణాన్ని కొంతవరకు అంచనా వేయవచ్చు. ప్రాణవాయువు తగ్గినప్పుడు చేపలు వేకువనే చనిపోతాయి. సాధారణంగా పెద్ద చేపలు ముందుగా, చిన్నవి ఆ తరువాత చనిపోతాయి. పైకి వచ్చి గాలి పీల్చుకోగల కొర్రమీను మాత్రం ప్రాణాలతో మిగులుతుంది. వేళాపాళా లేకుండా చిన్నా పెద్దా తేడా లేకుండా, కొర్రమీనుతో సహా కప్పలు, పురుగులు కూడా చనిపోతే విషం సంగతి ఆలోచించాలి. ఏదైనప్పటికీ వెంటనే శుభ్రమైన సీసాలో నీటి నమూనా సేకరించి మత్స్యశాఖ అధికారులకు సమాచారం ఇవ్వడం ఉత్తమం. తగాదాకు దిగడానికి ముందు పరీక్ష చేయించుకోవడం ఊరికీ, సంఘానికీ శ్రేయస్కరం.

ఏ సున్నం.. ఎంత?

సున్నం మూడు రూపాల్లో లభిస్తుంది. సున్నపురాయిని మెత్తగా దంచిన పొడి మొదటిది. ఇది నెమ్మదిగా కరుగుతుంది, పీహెచ్‌ను ఒక్కసారిగా పెంచదు. చేపలున్న చెరువులోనూ భయం లేకుండా వాడవచ్చు. సున్నపురాయిని లేదా నత్తగుల్లలను బట్టీలో కాల్చగా వచ్చే రాతి సున్నం, గుల్ల సున్నం రెండోది. ఇది అన్నింటికన్నా ఘాటైనది. ఎండిన చెరువు అడుగున చల్లితే రోగకారక క్రిములు, అనవసరపు చేపల గుడ్లు నశిస్తాయి. దీనికి నీరు చేర్చగా వచ్చే తడి సున్నం మూడోది. 100 కిలోల సున్నపురాయి పొడి చేసే పనిని సుమారు 74 కిలోల తడి సున్నం, 56 కిలోల కాల్చిన సున్నం చేస్తాయి.

తటస్థానికి దగ్గరగా ఉండే నేలల్లో పిల్లలను వదలడానికి ముందు ఎకరాకు 80 నుంచి 100 కిలోల వరకు సున్నం వాడటం పరిపాటి. నేల ఆమ్ల గుణం పెరిగేకొద్దీ మోతాదు పెరుగుతుంది. ఎకరం విస్తీర్ణం, మీటరు లోతు గల కుంటలో దాదాపు 40 లక్షల లీటర్ల నీరుంటుంది. లీటరుకు 10 మిల్లీగ్రాముల మేర క్షారత్వం పెంచాలంటే కనీసం 40 కిలోల సున్నపురాయి పొడి పూర్తిగా కరగాలి. అడుగు మట్టి పీల్చుకునేది దీనికి అదనం.

ఇదే లెక్కను వంద ఎకరాల చెరువుకు, రెండు మీటర్ల లోతుకు వేస్తే ఎనిమిది టన్నులవుతుంది. పైగా మత్తడి దుంకినప్పుడు, తూము ద్వారా పొలాలకు నీరు వదిలినప్పుడు చల్లిన సున్నం కొట్టుకుపోతుంది. కాబట్టి కడెం, స్వర్ణ, సాత్నాల వంటి జలాశయాలకూ, పెద్ద చెరువులకూ సున్నం చల్లడం ఆచరణ సాధ్యం కాదు. పిల్లలను పెంచే చిన్న మడుగులు, వ్యవసాయ కుంటలు, సొంత చెరువులకే ఇది వర్తిస్తుంది. పెద్ద చెరువుల్లో నీటి స్థాయికి తగినన్ని పిల్లలనే వదలడం, వేసవిలో నీరు తగ్గకముందే విడతలవారీగా పట్టుబడి చేయడం మేలైన మార్గాలు.

వరుస తప్పితే వృథా

రాష్ట్రంలో 2016లో ఉచిత చేపపిల్లల పంపిణీ పథకం ప్రారంభమైన తరువాత చిన్న కుంటల్లోనూ చేపల పెంపకంపై ఆసక్తి పెరిగింది. కొద్ది నెలలే నీరు నిలిచే చెరువుల్లో 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాదంతా నీరుండే వాటిలో 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలను వదులుతున్న సంగతి విదితమే. పిల్లలు వచ్చాక నీటి సంగతి చూద్దామనుకుంటే ఆలస్యమైనట్లే.

వేసవిలో అడుగు ఎండినప్పుడే సున్నం చల్లడం అన్నివిధాలా ఉత్తమం. నీరు చేరిన చెరువుల్లో సున్నం చల్లాక వారం, పది రోజులు ఆగి పేడ, సూపర్ ఫాస్ఫేటు వేయాలి. అన్నీ ఒకేసారి వేస్తే సున్నంలోని కాల్షియం భాస్వరాన్ని పట్టేసుకుని అడుగుకు చేరుస్తుంది, ఎరువు ఖర్చు దండుగవుతుంది. అమ్మోనియా గల ఎరువులను సున్నంతో కలిపితే విషవాయువు వెలువడుతుంది. సున్నం చేపకు మేత కాదన్నది గుర్తుంచుకోవాలి. అది ఎరువు పనిచేయడానికి దారి చదును చేస్తుంది, అంతే.

పీహెచ్ ఎక్కువగా ఉండి కాల్షియం తక్కువగా ఉన్న నీటికి సున్నం పనికిరాదు. అలాంటి చోట జిప్సం వాడతారు. ఇది పీహెచ్‌ను పెంచకుండానే కాల్షియాన్ని అందిస్తుంది.

గాజుతొట్టిలో సముద్రం

పట్టణాల్లో ఇళ్లలో గాజుతొట్టెలు పెట్టి రంగుల చేపలను పెంచే ముచ్చట పెరుగుతోంది. మంచినీటి చేపలతో మొదలై, ఉప్పునీటి తొట్టెలో పగడపు దిబ్బను తలపించే అమరికను పెంచాలన్న ఉబలాటం కొందరిలో కనిపిస్తుంది. ఊరి చెరువులో సున్నం చేసే పనే అక్కడా అవసరమవుతుంది, కాకపోతే కొలతలు మరింత కచ్చితంగా ఉండాలి.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పగడపు జీవులు ఆ కాల్షియాన్ని, కార్బొనేట్‌ను కలిపి తమ రాతి గూడును కట్టుకుంటాయి. అనంతమైన సముద్రంలో ఎంత వాడుకున్నా తరగదు. వంద, రెండు వందల లీటర్ల తొట్టెలో మాత్రం కొద్ది రోజుల్లోనే తరిగిపోతుంది. అందుకే అలాంటి తొట్టెల్లో కాల్షియం 400 నుంచి 450 మిల్లీగ్రాముల మధ్య, పీహెచ్ 8 నుంచి 8.4 మధ్య, క్షారత్వం 125 నుంచి 200 మిల్లీగ్రాముల మధ్య ఉండేలా చూస్తారు. మెగ్నీషియం 1250 నుంచి 1350 మిల్లీగ్రాములు ఉండాలి. అది తగ్గితే వేసిన కాల్షియం కాస్తా తెల్లటి పొడిలా గోడలకు, మోటారుకు పేరుకుపోతుంది.

ఈ లోటు పూడ్చడానికి ప్రపంచవ్యాప్తంగా వాడే పద్ధతుల్లో ఒకటి సున్నపు తేట. ఆవిరైపోయిన నీటికి బదులుగా దీన్ని చుక్కచుక్కగా వదులుతారు. సున్నపు తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది కనుక ఒక్కసారిగా పోస్తే తొట్టెలోని జీవులన్నీ చనిపోతాయి. సహజంగా పీహెచ్ తగ్గే రాత్రి వేళ వదలడం శ్రేయస్కరం. తలుపులు మూసి ఉన్న గదిలో మనుషులు వదిలిన బొగ్గుపులుసు వాయువు పేరుకుని తొట్టె పీహెచ్ తగ్గుతుంది. కిటికీ తెరిస్తే చాలు, చాలాసార్లు మందు అవసరముండదు.

మరో ముఖ్య విషయం. దిబ్బలు కట్టే పగడాలను మన దేశంలో 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ తీరాల నుంచి తెచ్చామంటూ ఎవరైనా అమ్మజూపితే కొనడం నేరమవుతుంది. పరిశ్రమల పొగతో గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి సముద్రపు పీహెచ్ సుమారు 8.2 నుంచి 8.1కి తగ్గింది. వినడానికి స్వల్పమే అయినా ఆమ్లత్వం దాదాపు 30 శాతం పెరిగినట్లు. పగడాలు గూడు కట్టుకోవడం కష్టమవుతున్నది అందుకే. సముద్రానికి సున్నం చల్లడం ఎవరి తరమూ కాదు, ఊరి కుంటకు మాత్రం ఇంకా చేతిలో పనే.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* పీహెచ్‌ను రోజుకు రెండుసార్లు, సూర్యోదయానికి ముందు ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు మరోసారి కొలవాలి. ఒక్కసారి కొలిస్తే అసలు స్థితి తెలియదు.
* రంగు మారే పీహెచ్ కాగితం తక్కువ ధరకే లభిస్తుంది. కాగితాన్ని తడి తగలకుండా భద్రపరచాలి. క్షారత్వం, కఠినత్వం తెలుసుకోవడానికి పరీక్ష పెట్టె వాడాలి లేదా నమూనాను మత్స్యశాఖ కార్యాలయానికి అందజేయాలి.
* చేపలున్న నీటిలో కాల్చిన సున్నాన్ని నేరుగా వేయరాదు. ముందురోజు రాత్రి నానబెట్టి, పూర్తిగా చల్లారాక, ఉదయం వేళ చెరువంతా సమంగా చిలకరించాలి. ఒక విడతకు ఎకరాకు 20 కిలోలకు మించరాదు.
* మధ్యాహ్నం వేళ, నీరు చిక్కటి పచ్చదనంతో ఉన్నప్పుడు సున్నం జోలికి వెళ్లరాదు.
* కాల్చిన సున్నంపై నీరు పడితే సలసల మరుగుతుంది. కళ్లకు తగిలితే చూపు పోయే ప్రమాదముంది. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుని, కళ్లద్దాలు ధరించి, గాలి వాలుగా నిలబడి చల్లాలి. పిల్లలను, పశువులను దగ్గరకు రానీయరాదు.
* చేపలు పైకి తేలుతుంటే వెంటనే మేత, పేడ ఆపివేయాలి. మోటారుతో నీటిని పైకి ఎత్తిపోసి గాలి తగిలేలా చేయాలి. ప్రాణవాయువు కొరతకు సున్నం ఒక్కటే విరుగుడు కాదు.

పది రూపాయల కాగితం ముక్కతో పరీక్షించుకునే అలవాటు అబ్బితే వేల రూపాయల నష్టాన్ని నివారించుకోవచ్చు. వానాకాలంలో పిల్లలు చెరువు చేరకముందే, వేసవిలో అడుగు బయటపడినప్పుడే మత్స్య సహకార సంఘాలు తమ నేలను, నీటిని పరీక్షించుకుని సిద్ధం కావలసి ఉంది.